ఉచ్చు వేసినవాడు దొరికాడు సరే, కొన్నవాడేడీ?

(వన్యప్రాణి వారోత్సవాలప్పుడు విజయవాడలో ఒక కాలేజీ హాల్లో జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు నల్లమలలో చాలాకాలం పనిచేసి రిటైరైన ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. నాది గుంటూరు పక్కన పల్లెటూరు. ముప్పై ఏళ్లపైన అటవీశాఖలో చేశాను, అందులో ఎక్కువకాలం మార్కాపురం, ఆత్మకూరు వైపే. ఉపన్యాసాలు చెప్పడం నాకు అలవాటు లేదు, నేరం జరిగితే పీఓఆర్, అంటే ప్రాథమిక నేర నివేదిక, రాయమంటే రాస్తాను. కాబట్టి మధ్యలో దారి తప్పితే మీరే కాస్త అదిలించండి.

ఇందాక ఇక్కడికి వస్తూ కాలవ గట్టు మీద ఓ చిలక జోస్యం పెద్దాయన కనిపిస్తే ఆగాను. దసరా దగ్గరపడింది కదా, కొండకి వచ్చే జనం ఎక్కువ, ఆయనకీ గిరాకీ బాగానే ఉంది. చిలక బయటికొచ్చి నాకో కార్డు తీసిచ్చింది. వెంకటేశ్వరస్వామి వచ్చాడు, యోగం బాగుందన్నాడు. నేను అడిగింది వేరే. బాబాయ్, ఈ చిలకని ఎక్కడ తెచ్చావు అని. పిల్లగా ఉన్నప్పుడు సంతలో కొన్నాను బాబూ అన్నాడు. ఎవరమ్మారు? ఏమో. ఏ ఊరి చెట్టు తొర్రలోది? ఏమో. నేను ఫారెస్టోణ్ణని ఆయనకి తెలీదు, అందుకే దాచకుండా చెప్పాడు. ఆయనకి నిజంగానే తెలీదు కూడా.

అది రామచిలక. 2018 నుంచి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. పట్టడం, కొనడం, అమ్మడం, పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరమే. అంటే మనం రాష్ట్ర పక్షిని పంజరంలో పెట్టి, దాన్నే మన భవిష్యత్తు ఏంటని అడుగుతున్నాం. (నవ్వులు)

నవ్వారు గానీ, నా బాధ ఆ పెద్దాయనతో కాదు. ఆయన మీద కేసు రాయాలంటే పది నిమిషాలు పట్టదు. చిలకని స్వాధీనం చేసుకుని, ఫొటో తీసి, పేపర్లో వేయించుకుని, నెల లెక్కల్లో ఒక కేసు చూపించుకోవచ్చు. మరి తొర్రలోంచి పిల్లల్ని లాగి, బుట్టలో కుక్కి, సగం దారిలోనే చచ్చిపోయినవాటిని పారేసి, మిగిలినవి సంతకి చేర్చేవాడి సంగతేంటి? వాడికి ఈ కేసు గురించి తెలియనే తెలియదు. వచ్చే ఏడాది పిల్లలు పుట్టే రోజులకి మళ్లీ చెట్టెక్కుతాడు. నా సర్వీసంతా చూసింది ఇదే. కింద ఉన్నవాడు దొరుకుతాడు, పైవాడు దొరకడు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

అడవిలో పట్టేవాడు ఒకడు. వాడి దగ్గర కొని ఊళ్లో పోగుచేసేవాడు ఇంకొకడు. సంచిలో పెట్టుకుని రైలెక్కేవాడు మూడోవాడు, మేం క్యారియర్ అంటాం. పెద్ద ఊళ్లో గోడౌన్ పెట్టుకున్నవాడు, ఓడరేవు దగ్గరో ఎయిర్‌పోర్టు దగ్గరో కాగితాలు చూసుకునేవాడు, దేశం బయట కొనేవాడు, ఇలా పైకి పోతూనే ఉంటుంది. అడవిలో ఉన్నవాడికి దక్కేది కూలి డబ్బులు. పైకి పోయేకొద్దీ డబ్బు పెరుగుతుంది, జైలుకెళ్లే భయం తగ్గుతుంది. మిరపకాయ వ్యాపారం తెలిసిన ఊరు కదా మనది, రైతు రేటుకీ ఎగుమతి రేటుకీ తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. కాకపోతే రైతు చేసేది నేరం కాదు, ఇక్కడ ప్రతి మెట్టూ నేరమే.

ఒక పాత సంగతి చెప్తాను. 1999 డిసెంబరులో ఢిల్లీ పక్కన ఘజియాబాద్‌లో సేల్స్‌టాక్స్ వాళ్లు ఒక లారీని ఆపారు. వాళ్లు వెతికింది పన్ను కట్టని సరుకు కోసం. మూటలు విప్పితే చిరుతపులి చర్మాలు. ఆ తీగ లాగితే 2000 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని ఖాగా అనే చిన్న ఊళ్లో డొంకంతా కదిలింది. 70 చిరుత చర్మాలు, 4 పులి చర్మాలు, రెండు వందలకి పైగా కృష్ణజింక చర్మాలు, వీటన్నిటితో పాటు చిరుత గోళ్లు సుమారు 18,000. ఇక్కడ లెక్కల పిల్లలున్నారా? చిరుతకి ముందు కాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. భాగించండి. అవును, వెయ్యి చిరుతలు. అక్కడ చర్మాలు 70 ఉన్నాయి. మిగతా తొమ్మిది వందల పైచిలుకు చిరుతల చర్మాలు అప్పటికే ఎటో వెళ్లిపోయాయి. దేశంలో ఏ అడవిలోనైనా వెయ్యి చిరుతలు పోయాయని ఎవరైనా గోల పెట్టారా? ఒకచోట ఒకటి, ఒకచోట రెండు. ఏ రేంజర్ పుస్తకంలోనూ వెయ్యి ఉండదు. ఎవరి లెక్క వాళ్లకి సరిగ్గానే ఉంది.

అప్పట్లో ఈ వ్యాపారానికి పెద్ద తలకాయ సంసార్ చంద్ అనే అతను. మొదటిసారి పట్టుబడింది 1974లో, అప్పటికి పదహారేళ్ల కుర్రాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు కేసుల మీద కేసులు, బెయిళ్ల మీద బెయిళ్లు. ఒక రాష్ట్రంలో ఉన్న కేసు సంగతి ఇంకో రాష్ట్రానికి తెలిసేది కాదు. 2005లో మళ్లీ దొరికాక గానీ సీబీఐ కూర్చుని అతని సామ్రాజ్యం ఎంతో లెక్క తీయలేదు. 2014లో చనిపోయాడు.

2005 అంటే గుర్తొచ్చింది, అదే ఏడాది సరిస్కా కథ బయటపడింది. రాజస్థాన్‌లో పులుల అభయారణ్యం. కాగితాల మీద పులులున్నాయి, అడవిలోకి వెళ్లి చూస్తే ఒక్కటీ లేదు. అన్నిటినీ వేటాడేశారు. ఒక టైగర్ రిజర్వులో పులులే లేకపోవడం అంటే, బ్యాంకుకి వెళ్లి లాకర్లు తెరిస్తే అన్నీ ఖాళీగా ఉండి, రిజిస్టర్లో మాత్రం బంగారం అంతా ఉన్నట్టు! దేశం ఉలిక్కిపడింది. టైగర్ టాస్క్‌ఫోర్స్ వేశారు, 2006లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణతోనే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ వచ్చింది, వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో కూడా వచ్చింది. అంత జరిగాక కూడా 2009కి మధ్యప్రదేశ్‌లోని పన్నాలో పులులు ఖాళీ అయ్యాయి. అందుకని చట్టం రాగానే అంతా సర్దుకుందని నేను చెప్పను.

ఆ బ్యూరో గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మామూలు జనానికి దాని పేరే తెలీదు. 2007లో ఏర్పాటైంది, ఢిల్లీలో హెడ్డాఫీసు, మన దక్షిణాదికి చెన్నైలో ప్రాంతీయ కార్యాలయం. అందులో ఫారెస్టు వాళ్లు, పోలీసులు, కస్టమ్స్ వాళ్లు డెప్యుటేషన్ మీద వచ్చి పనిచేస్తారు. మనుషులు తక్కువే. వాళ్లు చేసే అసలు పని తుపాకీ పట్టుకుని అడవిలో తిరగడం కాదు, సమాచారం పోగేయడం. ప్రకాశం జిల్లాలో దొరికిన క్యారియర్ ఫోన్లో ఉన్న నంబరూ, అసోంలో దొరికినవాడి ఫోన్లో ఉన్న నంబరూ ఒకటేనని ఎవరో ఒకరు చూడాలి కదా. అంతకుముందు అది చూసేవాడే లేడు. మా రోజుల్లో బండి రాష్ట్రం దాటిందంటే చేతులు కట్టేసినట్టే ఉండేది. పక్క రాష్ట్రం ఆఫీసర్‌కి ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లం. ఆ ఉత్తరం చేరేసరికి పులి చర్మం నేపాల్ దాటి ఉంటుంది.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. విజయవాడ అడవి కాదు, ఇక్కడ పులుల్లేవు. కానీ చెన్నై నుంచి హౌరా వెళ్లే రైలు, ఢిల్లీ వెళ్లే రైలు, అన్నీ మన జంక్షన్ మీదుగానే పోవాలి. దొంగ సరుకు కూడా జనంతో పాటే ప్రయాణం చేస్తుంది. నక్షత్ర తాబేలు చూశారా? నల్లటి డిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా ఉంటాయి. శ్రీకూర్మం గుడికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. రాయలసీమ పొలాల గట్ల మీద, తుప్పల్లో బతికే అమాయక ప్రాణి. అరవదు, కరవదు, పరిగెత్తదు. చేతి సంచిలో వేస్తే చడీచప్పుడు లేకుండా పడుంటుంది. స్మగ్లర్‌కి ఇంతకంటే వరం ఏముంది? వానలు పడితే అవి బయటికొస్తాయి, మేకలు కాసే పిల్లలు ఏరి ఇస్తారు, వాళ్లకి చిల్లర డబ్బులు. అక్కణ్ణుంచి చెన్నైకో, కోల్‌కతా మీదుగా బంగ్లాదేశ్‌కో, చివరికి థాయ్‌లాండ్, మలేషియా వైపు పెంపుడు జంతువుల మార్కెట్‌కి చేరుతుంది. కాళ్లూ తలా బయటికి రాకుండా టేపు చుట్టి సూట్‌కేసుల్లో పేర్చి పంపుతారు. నేను విప్పాను అలాంటి సూట్‌కేసు. ఆ వాసన మాత్రం చెప్పను, మీరింకా భోజనాలు చేయలేదు.

2016 డిసెంబరు మధ్య నుంచి 2017 జనవరి చివరిదాకా ఈ బ్యూరో ఆపరేషన్ సేవ్ కూర్మ అని ఒకటి నడిపింది. తాబేళ్ల కోసమే. ఆ నెలన్నరలో దాదాపు 16 వేల బతికున్న తాబేళ్లు దొరికాయి. రకరకాల జాతులు, ఎక్కువగా నీటి తాబేళ్లు. ఆ లెక్క చూసి నాకు ముందు సంతోషం వేసింది, తర్వాత గుండె జారింది. నెలన్నరలో వెతికితే ఇన్ని దొరికాయంటే, వెతకని నెలల్లో ఎన్ని పోయుంటాయి? కాకపోతే ఆ ఆపరేషన్ల వల్ల జరిగిన అసలు మేలు ఒకటుంది. దొరికిన మనుషులు ఒక్కో రాష్ట్రంవాళ్లు, వాళ్ల మధ్య సంబంధాలు బయటపడ్డాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమంవాళ్లు ఈ బ్యూరోకి 2018లో అవార్డు కూడా ఇచ్చారు. తర్వాత 2019లో జెనీవా సమావేశంలో నక్షత్ర తాబేలుని సైటిస్ మొదటి అనుబంధంలో చేర్చారు, అంటే దేశాల మధ్య దాని వ్యాపారం దాదాపు పూర్తిగా బంద్. సైటిస్ అంటే వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం, మనదేశం 1976లో చేరింది. రైళ్లలో రైల్వే పోలీసులు కూడా ఇప్పుడు ఆపరేషన్ విలెప్ అని వన్యప్రాణుల రవాణా మీదే నిఘా పెడుతున్నారు. మీరు రైల్లో వెళ్తున్నప్పుడు సీటు కింద గోనెసంచి కదిలితే అది కోడిపుంజే అనుకోకండి.

ఒక్క మాట, తాబేళ్లు దొరికాక ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. అవి కేసు ప్రాపర్టీ. కోర్టు అనుమతి లేకుండా వదలకూడదు. వదలాలన్నా ఎక్కడివో తెలియాలి, జబ్బులున్నాయేమో చూడాలి. సింగపూర్‌లో పట్టుబడ్డ 51 నక్షత్ర తాబేళ్లని 2018లో విమానంలో వెనక్కి తెచ్చి కర్ణాటకకి చేర్చారు. తీసుకెళ్లడానికి సూట్‌కేసు చాలు. తిరిగి తేవడానికి రెండు దేశాల ప్రభుత్వాలు కూర్చోవాలి.

ఇప్పుడు అందరూ దాటేసే సంగతికి వస్తాను, కేసు కాగితాలు. నిద్రొస్తే చెప్పండి, కానీ చెప్పకుండా మాత్రం వదలను. సినిమాల్లో ఆఫీసర్ దొంగని పట్టుకోగానే కథ అయిపోతుంది. మాకు అక్కడే మొదలు. మన చట్టం నిజానికి చాలా గట్టిది. 1972 నాటి చట్టం, 2022లో మళ్లీ సవరించి షెడ్యూళ్లని ఆరు నుంచి నాలుగుకి కుదించారు, 2023 ఏప్రిల్ నుంచి అమలు. మొదటి షెడ్యూల్ జంతువు అయితే, అంటే పులి, చిరుత, ఒంటినిండా పొలుసులుండే అలుగు, నక్షత్ర తాబేలు లాంటివైతే, శిక్ష మూడేళ్లకి తగ్గదు, ఏడేళ్లదాకా పోవచ్చు, జరిమానా 25 వేలకి తగ్గదు. ఇంకా రెండు సెక్షన్లు చూడండి. 57వ సెక్షన్ ప్రకారం చర్మమో మాంసమో ఒకడి దగ్గర ఉందని మేం రుజువు చేస్తే చాలు, అది అక్రమం కాదని వాడే నిరూపించుకోవాలి. 50వ సెక్షన్ ప్రకారం ఏసీఎఫ్, అంటే అసిస్టెంట్ కన్జర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్, ర్యాంకుకి తగ్గని అధికారి, నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం కోర్టులో చెల్లుతుంది. మామూలు నేరాల్లో పోలీసు ముందు ఒప్పుకున్నా చెల్లదు, మీకు తెలుసు. ఇంత బలమైన ఆయుధం చేతిలో పెట్టారు.

అయినా కేసులు ఎందుకు పోతాయి? నా కేసే చెప్తాను. ఎక్కడో, ఎప్పుడో అడగొద్దు. చిరుత చర్మం అమ్మకానికి ఉందని కబురొచ్చింది. మేమే బేరగాళ్లలాగా వెళ్లాం, మాసిన బట్టలు, చేతిలో బ్యాగు, పైన నాలుగు నిజం నోట్లు, కింద తెల్లకాగితాలు. చర్మం బయట పెట్టారు, పట్టుకున్నాం. ముగ్గురు దొరికారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి, అంత సంబరం. మధ్యవర్తుల నివేదికలో టైము రాత్రి పదిన్నర అని రాయించాను. మా జీపు లాగ్‌బుక్కులో డ్రైవరు బండి బయల్దేరింది పదకొండుకని రాశాడు. ఇద్దరం అలసిపోయి ఉన్నాం, ఎవరమూ సరిచూసుకోలేదు. ఏళ్లు గడిచాక కోర్టులో డిఫెన్స్ లాయరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, చాలా మర్యాదగా, "అయ్యా, మీ జీపు బయల్దేరక ముందే చర్మం పట్టుకున్నారా?" అన్నారు. కోర్టంతా నవ్వింది. నాకు ఇప్పటికీ ఆ నవ్వు వినపడుతుంది. పంచులు, అంటే మధ్యవర్తులుగా సంతకం పెట్టిన సాక్షులు, ఇద్దరూ అప్పటికే అడ్డం తిరిగారు. కేసు కొట్టేశారు. తప్పు డ్రైవరుది కాదు, నాది. నేను రేంజర్ని, నేను చూసుకోవాలి.

ఆ ముగ్గురూ వెనకున్న పెద్ద వ్యాపారి పేరు చెప్తారని ఆశ పెట్టుకున్నాను. కేసే పోయాక వాళ్లెందుకు చెప్తారు? కింది మెట్టు మీద కాలు నిలవకపోతే పై మెట్టు ఎక్కలేం.

కుర్ర ఆఫీసర్లకి ఇప్పుడు మాకు లేని సదుపాయాలు చాలా ఉన్నాయి. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండూ ఒకలా ఉండవు. కెమెరా ట్రాపుల్లో పడిన ఫొటోలు భద్రంగా ఉంటాయి కాబట్టి ఎక్కడో చర్మం దొరికితే అది ఏ అడవి పులో పోల్చి చెప్పొచ్చు. గస్తీ తిరిగేవాళ్లు ఫోన్లో ఎంస్ట్రైప్స్ అనే యాప్ పెట్టుకుని తిరుగుతారు, ఎక్కడ తిరిగారో మ్యాపు మీద పడుతుంది, చెట్టు కింద కూర్చుని రాసుకునే గస్తీలు కుదరవు. ఇంక హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సంగతి. వాళ్లది అత్తాపూర్‌లో లాకోన్స్ అని ఒక ల్యాబు ఉంది. పూర్వం మేం మాంసం పట్టుకుంటే దొరికినవాళ్లు మేకమాంసం సార్ అనేవాళ్లు, మేం జింక అనేవాళ్లం, ముక్కలుగా కోసి కూర వండేశాక ఎవరు తేలుస్తారు? లాల్జీ సింగ్ గారూ, సునీల్ కుమార్ వర్మ గారూ ఒక పద్ధతి కనిపెట్టారు, చిన్న ముక్కలోని డీఎన్ఏతో అది ఏ జంతువుదో చెప్పేస్తారు. వండిన కూర అయినా సరే. ఒకసారి ఒక పెద్దమనిషి ఇంట్లో ఫ్రిజ్ తీస్తుంటే, అది పొట్టేలు మాంసం అని ఆయన ప్రమాణం చేశాడు. రిపోర్టు వచ్చాక ప్రమాణాలు ఆగిపోయాయి.

ఎర్రచందనం గురించి అడగకుండా ఉండరు, నేనే చెప్పేస్తాను. అది జంతువు కాదు కానీ కథ అదే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండ, లంకమల, ఈ కొండలూ వాటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. దీనికోసం తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ పెట్టారు. ఏళ్ల తరబడి వేలమంది కూలీలని పట్టుకున్నాం. ఎక్కువమంది తమిళనాడు కొండ ఊళ్ల నుంచి రోజుకూలి కోసం వచ్చినవాళ్లు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో కాల్పుల్లో 20 మంది చనిపోయారు. దాని మీద చాలా వాదోపవాదాలు జరిగాయి, ఇక్కడ వాటి జోలికి పోను, కానీ నా మనసులో మాట చెప్తాను. ఆ ఇరవై మందిలో ఒక్కడికీ ఆ దుంగ విదేశంలో ఎంతకి అమ్ముతారో తెలిసుండదు. కూలీలని ఎంతమందిని పట్టుకున్నా కొండ కింద లారీ పెట్టి ఎదురుచూసేవాడికి ఇంకో యాభై మంది దొరుకుతారు. లారీ ఓనరునీ, కంటైనరులో దొంగ పేరుతో సరుకు పంపేవాణ్ణీ పట్టుకున్నప్పుడే వ్యాపారానికి దెబ్బ తగులుతుంది. అందుకే రెవెన్యూ ఇంటెలిజెన్స్ వాళ్లు ఓడరేవుల్లో పట్టే ఒక్క కంటైనరు, మేం కొండల్లో పట్టే వంద మందికంటే ఎక్కువ అంటాను. మావాళ్లకి ఈ మాట కోపం తెప్పిస్తుంది, తెప్పించనీయండి.

డబ్బు దారి పట్టుకోవడానికి చట్టంలో వీలుంది. వన్యప్రాణి నేరాలు మనీ లాండరింగ్ చట్టం కిందికి కూడా వస్తాయి. అంటే ఈడీ రంగంలోకి దిగి ఇళ్లూ పొలాలూ జప్తు చేయొచ్చు. వేటగాణ్ణి మూడేళ్లు లోపల పెడితే వాడి పెళ్లాం పిల్లలు పస్తులుంటారు, వ్యాపారి ఇంకో వేటగాణ్ణి చూసుకుంటాడు. వ్యాపారి బిల్డింగు జప్తు చేయండి, అప్పుడు చూడండి. చట్టంలో ఉన్న ఈ దారిని మనం వాడుతున్నది తక్కువ.

వేటగాళ్లని కూడా అందర్నీ ఒకేలా చూడకూడదు. నల్లమలలో ఎక్కువ ప్రాణాలు తీసేది తుపాకీ కాదు, ఉచ్చు. మోటార్‌సైకిల్ పాత క్లచ్ వైరు చాలు, మెకానిక్ షాపు దగ్గర ఊరికే దొరుకుతుంది. దుప్పి కోసమో పంది కోసమో వేస్తారు, దారిన పోతున్న పులి మెడకి బిగుసుకుంటుంది. కరెంటు తీగ ఇంకా ఘోరం, దాని మీద మనుషులు కూడా చచ్చిపోయారు. పంట కాపాడుకోవాలని తీగ పెట్టిన రైతుకీ, పులి చర్మానికి అడ్వాన్సు తీసుకుని వచ్చిన ముఠాకీ తేడా ఉంది. చట్టం ముందు ఇద్దరూ ముద్దాయిలే, కానీ విచారణ చేసేవాడికి ఆ తేడా తెలియాలి. పంట నష్టపరిహారం టైముకి ఇస్తే మొదటివాడు తీగ పెట్టడు.

చెంచుల గురించి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. నల్లమలలో బేస్ క్యాంపుల్లో ఉండి రాత్రీ పగలూ తిరిగే వాచర్లలో చాలామంది చెంచులే. ఎండుటాకు పక్కకి తొలిగి ఉంటే, ఇక్కడ నిన్న సాయంత్రం ఇద్దరు నడిచారు, ఒకడు బరువు మోస్తున్నాడు అని చెప్తారు. నా చదువంతా కలిపినా ఆ చూపు రాదు. దేశంలోనే అతిపెద్ద టైగర్ రిజర్వు మనది, నాగార్జునసాగర్ శ్రీశైలం. మన రాష్ట్రంలో పులుల లెక్క ఇప్పుడు డెబ్బై దాటిందంటే అందులో వాళ్ల కాళ్ల అరుగుదల ఉంది. దేశం మొత్తం మీద చూస్తే 2006లో 1,411 ఉన్న పులులు 2022 లెక్కకి 3,682 అయ్యాయి. వాచర్ జీతం నెలనెలా సరిగ్గా అందితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది, ఈ మాట రికార్డు చేసుకోండి.

మన రాజమండ్రి ఆయన, పి. శ్రీనివాస్ గారని కర్ణాటకలో ఐఎఫ్ఎస్ ఆఫీసర్‌గా చేశారు. వీరప్పన్ మొదట ఏనుగు దంతాల కోసం వేటాడినవాడు, తర్వాత గంధపు చెక్కకి దిగాడు. శ్రీనివాస్ గారు వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలోనే మకాం పెట్టి, ఊరికి మంచినీళ్లు, వైద్యం, మారియమ్మ గుడి, ఇలా జనాన్ని తనవైపు తిప్పుకున్నారు. ఊరు చెయ్యి వదిలేస్తే వాడు ఒంటరివాడవుతాడని ఆయన లెక్క. వీరప్పన్ లొంగిపోతానని కబురు పెట్టి పిలిపించి 1991 నవంబర్ 10న ఆయన్ని చంపేశాడు. కీర్తిచక్ర ఇచ్చారు. మా ట్రైనింగులో ఆయన పేరు చెప్పినప్పుడు మాత్రం క్లాసులో ఎవరూ గుసగుసలాడేవాళ్లు కాదు.

సరే, టైము అయిపోతోందని చెయ్యి చూపిస్తున్నారు. కొనేవాళ్ల సంగతి చెప్పేసి ప్రశ్నలకి వెళ్దాం. కొనేవాడు ఎక్కడో చైనాలో ఉన్నాడనుకుంటాం. అలుగు పొలుసులు అటే పోతాయి, నిజమే. అవి మన గోళ్లలాంటి పదార్థమే, అంత మందుగుణం ఉంటే మన గోళ్లు మనమే కొరుక్కుని బాగుపడేవాళ్లం. కానీ నక్కకొమ్ము కొనేది ఎవరు? నక్కకి కొమ్ములుంటాయా? నక్క తల ముక్కకి బొచ్చు అతికించి అమ్ముతారు, వ్యాపారం కలిసొస్తుందని గల్లాపెట్టెలో పెట్టుకునేది మనవాళ్లే. ఉడుము శరీరంలోంచి తీసిన భాగాన్ని ఎండబెట్టి, హఠాజోడి అనే వేరు అని ఆన్‌లైన్‌లో అమ్మితే పూజగదిలో పెట్టుకున్నదీ మనవాళ్లే. బొమ్మలేసే బ్రష్షు ముంగిస వెంట్రుకలతో చేసిందైతే, కిలో వెంట్రుకలకి యాభై ముంగిసలు పోతాయి. దసరా రోజు పాలపిట్టని చూస్తే మంచిదని పంజరంలో పెట్టి తెచ్చి డబ్బులు వసూలు చేస్తారు. చూడాల్సింది ఎగురుతున్న పాలపిట్టని. మన ఉప్పలపాడు చూడండి, గుంటూరు పక్కనే, చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వేలల్లో వాలతాయి, ఊరివాళ్లే కాపలా. ఎవడైనా వల పట్టుకుని వస్తే ఫారెస్టువాళ్ల కంటే ముందు ఊళ్లో ఆడవాళ్లే తగులుకుంటారు.

అడగండమ్మా. గట్టిగా.

(ఒక విద్యార్థిని: సార్, మా నానమ్మ పదేళ్లుగా రామచిలకని పెంచుకుంటోంది. ఇప్పుడు కేసు పెడతారా? వదిలేస్తే సరిపోతుందా?)

మంచి ప్రశ్న, ధైర్యంగా అడిగావు. ముందు వదిలేయొద్దు. పదేళ్లు పంజరంలో ఉన్నదానికి రెక్కల్లో బలం ఉండదు, గింజ వెతుక్కోవడం రాదు, సాయంత్రానికి కాకులు పొడిచి చంపుతాయి. నానమ్మ చేతులతోనే దాన్ని చంపినట్టవుతుంది. మీ జిల్లా ఫారెస్టు ఆఫీసుకి ఫోన్ చేసి, మేమే అప్పగిస్తాం అని చెప్పు. తమంతట తాము తెచ్చి ఇచ్చే ముసలావిడ మీద విరుచుకుపడ్డ ఆఫీసర్ని నేనైతే చూడలేదు, మాకు అంతకంటే పెద్ద పనులున్నాయి. వాళ్లు డాక్టర్‌కి చూపించి, ఎగరగలిగితే కొన్నాళ్లు పెద్ద గూడులో అలవాటు చేసి వదులుతారు, లేకపోతే జూకి పంపుతారు. ఇంకొక్కటి నానమ్మని అడుగు, ఎవరి దగ్గర కొన్నదో గుర్తుందేమో. పేరు గుర్తులేకపోయినా ఏ సంతో, ఏ వారమో చెప్తే చాలు, అది కాగితం మీద రాసి ఆఫీసర్‌కి ఇవ్వు. తెచ్చేటప్పుడు పంజరం మీద పలచటి గుడ్డ కప్పండి, ఎండెక్కకముందే బయల్దేరండి, బస్సులో కిటికీ పక్కన పెట్టొద్దు.